గడ్డం గీసుకోని రోజు

దూదికి ఆ పేరు ఊరికే రాలేదు. అతని చేతిలో దెబ్బలు తిన్న మనిషి మర్నాడు బజారులో నడిచి వెళ్తుంటే ఎదురొచ్చినవాళ్ళు కులాసా అడిగి పోతారు. మొహం మీద గీత ఉండదు. మెడ మీద కమిలిన జాడ ఉండదు. మోచేతుల కింద చర్మం నున్నగా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. చొక్కా కింద ఏముందో ఆ మనిషికీ, ఇంటికి రాగానే పక్కమీద బోర్లా పడుకోబెట్టే ఇంటివాళ్ళకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం రంపపు మిల్లు వెనక గదిలో అతను అక్కను కొడుతున్నాడు.

మిల్లులో అందరికీ ఆమె అక్కే. పనివాళ్ళకీ, దుంగలు తెచ్చే లారీ డ్రైవర్లకీ, ఆఖరికి కరెంటు బిల్లు ఇచ్చేవాడికీ. నిజంగా ఆమెను అలా పిలవాల్సినవాడు మాత్రం ఒక్కడే. ఆ ఒక్క తమ్ముడు గోడకు అవతల రంపం దగ్గర నిలబడి, దుంగ లేకుండానే రంపాన్ని తిప్పుతున్నాడు. పని లేని రంపం మోత ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. కలప తగిలితే దాని గొంతు బరువెక్కుతుంది, తగలకపోతే కీచుమంటుంది. దూది వెనక గది తలుపు వేసుకున్న ప్రతిసారీ గోడ అవతల ఆ కీచు మొదలవుతుంది. తన కేక బయటికి వినపడకూడదని తమ్ముడు రంపం వేస్తున్నాడని అక్కకు మొదటిసారే అర్థమైంది. దెబ్బల కన్నా ఆ మోతే ఆమెకు ఎక్కువ నొప్పి.

దూది దగ్గర కర్ర లేదు, తోలు బెల్టు లేదు. గోనె ముక్కను పొడుగ్గా, మనిషి చెయ్యంత లావున కుట్టి, అందులో తడిపిన రంపపు పొట్టు దట్టించాడు. పొట్టు ఆ మిల్లుదే. ఆమె పదును పెట్టిన రంపం కింద రాలిందే. దానితో నడుం మీద ఒకటి వేసి, ఊపిరి మళ్ళీ అందేదాకా ఆగి, పక్కటెముకల మీద ఇంకొకటి వేశాడు.

"ఊపిరి తీసుకోండమ్మగారూ. తొందరేం లేదు," అన్నాడు. మర్యాదకు మాత్రం లోటు చెయ్యడు.

"నా సంతకం నీకు దొరకదు," అంది అక్క నేల మీద నుంచే.

"నాకెందుకమ్మా మీ సంతకం? నాకు చదువే రాదు."

ఇక్కడ చట్టం సంగతి కాస్త చెప్పాలి. చెప్పకపోతే కథ అర్థం కాదు. చెప్పినా చట్టం అర్థమవుతుందని హామీ ఇవ్వలేను.

మిల్లు నది ఒడ్డున ఉంది. నది మీద వంతెన ఉంది. వంతెన అవతల ఇంకో రాష్ట్రం. అక్కడి చట్టం ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు చెయ్యీ చెయ్యీ కలిపితే ఒప్పందం అయిపోయినట్టే, కాగితం తర్వాత వచ్చే లాంఛనం. ఇవతల అలా కాదు. పూర్వం ఈ రాష్ట్రంలో ఒప్పందాలన్నీ కర్రలతోనే కుదిరేవట. రిజిస్ట్రార్ ఆఫీసుకు చెయ్యి విరిగినవాడూ, కన్ను వాచినవాడూ వచ్చి, నేను ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నానని వణుక్కుంటూ చెప్పేవాళ్ళట. చూసీ చూసీ సిగ్గేసి ఎవరో పుణ్యాత్ములు ఒక చట్టం తెచ్చారు. ఉమ్మడి ఆస్తి చేతులు మారాలంటే భాగస్తులందరూ, కొనేవాడితో సహా, రిజిస్ట్రార్ ముందు నిలబడాలి. రిజిస్ట్రార్ అందరి మొహాలూ, మెడలూ, మోచేతుల దాకా చేతులూ చూడాలి. వాళ్ళలో ఎవరి మీద తాజా గాయం కనపడినా ఆ రోజుకు సంతకాలు బంద్. ఆఫీసు తలుపులు మూసేసి, డాక్టరును పిలిపించి, గాయపడినవాడి ఒళ్ళంతా చూపించాలి. విచారణ తేలేదాకా ఆ ఆస్తిని ఎవరూ కొనడానికీ అమ్మడానికీ వీల్లేదు.

మంచి చట్టమే. కానీ దూది లాంటివాళ్ళు దాన్ని శ్రద్ధగా విన్నారు. ఎక్కడ చూస్తారో తెలిసింది కాబట్టి ఎక్కడ కొట్టాలో తెలిసింది.

మరి రిజిస్ట్రార్ ముందు నిలబడి, నన్ను కొట్టి తీసుకొచ్చారు అని నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పకూడదు. డబ్బు పుచ్చుకున్నాక బుద్ధి మారి, బలవంతం చేశారని అబద్ధాలాడినవాళ్ళు బోలెడంత మంది తయారయ్యారని చట్టానికి ఒక సవరణ వచ్చింది. దరఖాస్తు మీద ఒకసారి చేవ్రాలు పడ్డాక నోటిమాట చెల్లదు, కంటికి కనపడే గాయమే చెల్లుతుంది. పోనీ చొక్కా ఎత్తి చూపిస్తే? బట్టల కింద చూడటం రిజిస్ట్రార్ పని కాదు, డాక్టరు పని. డాక్టరును పిలవాలంటే ముందు పైకి కనపడే గాయం ఉండాలి. ఒకావిడ పాపం ఏడుస్తూ భుజం మీద బట్ట తొలగించి చూపించబోతే, ఆఫీసు మర్యాద చెడగొట్టినందుకు ఆవిడకే జరిమానా వేశారు. చట్టం రాసినవాళ్ళ వీపు మీద ఎప్పుడూ దెబ్బ పడి ఉండదు.

ఈ చట్టం వల్ల ఊళ్ళో ఒక అలవాటు పాతుకుపోయింది. రిజిస్ట్రేషన్ ఉన్న రోజున మగవాళ్ళు గడ్డం గీసుకోరు. ఒకసారి లారీల యజమాని ఒకడు కొత్త బ్లేడుతో గడ్డం గీసుకుని, దవడ మీద చిన్న గాటుతో లారీ కొనడానికి వచ్చాడు. అమ్మేవాడి ఒంటి మీద ఈగ వాలిన గుర్తు కూడా లేదు. అయినా రిజిస్ట్రార్ తలుపులు మూయించి, డాక్టరును పిలిపించి, ఆ భారీ మనిషి చేత చొక్కా విప్పించింది. ఆ రోజు అక్కా తమ్ముడూ ఏదో కలప రవాణా ఒప్పందం కోసం అదే బల్ల ముందు వరసలో ఉన్నారు. నవ్వు ఆపుకోలేక ఇద్దరూ మెట్ల మీదికి పారిపోయి, ఒకరి భుజం మీద ఒకరు పడి కడుపు పట్టుకుని నవ్వారు.

అలాంటి తమ్ముడు వంతెన దాటి వెళ్ళి, అక్కడి కలప వ్యాపారితో తాగే బల్ల దగ్గర చెయ్యి కలిపి వచ్చాడు. మిల్లు ఉన్న ఒడ్డంతా ఇచ్చేస్తానన్నాడు. సాక్షులు ఇద్దరూ వ్యాపారి బావమరుదులే. ఆ వ్యాపారిని అందరూ వంతెన దొర అంటారు. వంతెనకు ఆ వైపున్నదంతా అప్పటికే ఆయనది. ఈ వైపున గోదాములు కట్టాలని ఆయన కోరిక. మిల్లు కూల్చేస్తాడు. అందులో సగం అక్కదని, ఇవతలి చట్టంలో తన చెయ్యి ఒక్కటే చాలదని తమ్ముడికి తాగినది దిగాక గుర్తొచ్చింది.

కొన్నాళ్ళకు దూదిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇతను నా మనిషి, అక్కా. ఇతను చెప్పినట్టు చెయ్యి," అన్నాడు, గోడకేసి చూస్తూ.

అక్క అప్పుడు నవ్వింది. మిల్లు అమ్మడమంటే ఆమెకు ఒళ్ళు అమ్ముకోవడం లాంటిది. తండ్రి పోయిన రోజు నుంచీ రంపం పళ్ళు నూరింది ఆమె, బెల్టు తెగితే అతికించింది ఆమె, దుంగ మీద చెయ్యి వేసి లోపల పుచ్చుందో లేదో చెప్పింది ఆమె. ఈ తమ్ముణ్ణి చంకనేసుకునే ఇదంతా నేర్చుకుంది. ఆమెకు వేరే ఊరు లేదు, వేరే విద్య లేదు, పడుకునే గది కూడా మిల్లు మీదే. నవ్వు పూర్తి కాకముందే దూది తలుపు గడియ వేశాడు.

ఆ మధ్యాహ్నం దెబ్బలకు అక్క లొంగలేదు. లొంగేది కూడా కాదేమో. కానీ తలుపు ధడాలున తెరుచుకుని మేస్త్రీ లోపలికి వచ్చాడు. ఆమె తండ్రి కాలం నుంచీ రంపం మీద పనిచేసే ముసలాయన. చేతిలో దుంగలు దొర్లించే గడ్డపార ఉంది.

"ఆడమనిషిని కొడతావట్రా," అన్నాడు. "అమ్మాయ్, నువ్వు లే. నేనున్నాను."

పాపం, ఆయన ఉన్నది ఎంతసేపు. దూది గోనె సంచిని పక్కన పెట్టి, ఆయన చేతిలోంచి గడ్డపారను పసిపిల్లాడి చేతిలో బొమ్మ తీసుకున్నట్టు తీసుకున్నాడు. ముసలాయన మెడ పట్టి, కుడిచేతిని పక్కనే ఉన్న మొద్దు మీద పరిచి, దాని మీద గడ్డపార దించాడు. ఎముకలు విరిగిన చప్పుడు రంపం మోతలో కూడా వినపడింది. మేస్త్రీ అరిచిన అరుపుకు గోడ అవతల రంపం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. దూది ఆగలేదు. మొహం మీద కొట్టాడు, ముక్కు మీద, కనుబొమ మీద. ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్న సరదా అంతా తీర్చుకుంటున్నట్టు కొట్టాడు. రక్తం గోడ మీదికి చింది పొట్టులోకి ఇంకింది.

"ఈయన సంతకం పెట్టేవాడు కాదు కదమ్మగారూ," అన్నాడు ఆయాసపడుతూ. "ఈయన మొహం ఎవరూ చూడరు. ఇంకో చెయ్యి కూడా ఉంది."

"దరఖాస్తు తే," అంది అక్క.

ఆమె చేవ్రాలు చేశాక మేస్త్రీని ఆసుపత్రికి మోసుకెళ్ళనిచ్చారు. దుంగ మీద పడిందని చెప్పారు. రంపపు మిల్లులో చేతులు నలగడం కొత్త కాదు కాబట్టి ఎవరూ మారు అడగలేదు.

రిజిస్ట్రేషన్ తారీఖు వచ్చేదాకా అక్కకు జరిగిన రాజోపచారాలు చూసి తీరాలి. నిన్నటిదాకా చితకబాదినవాళ్ళే కంటికి రెప్పలా కాచారు. ఊళ్ళో ఇదీ మామూలే. గాయం ఎవరు చేశారని చట్టం ముందుగా అడగదు, ఉందా లేదా అనే చూస్తుంది. అందుకని మనసు లేకుండా సంతకానికి వెళ్ళేవాళ్ళు తమను తామే కోసుకునే ప్రయత్నం చేస్తారు. కాపలా కాయడం కూడా దూది ఉద్యోగంలో భాగమే. గదిలోంచి అద్దం పోయింది, గాజు గ్లాసులు పోయాయి, కిటికీ గడియ కూడా ఊడబీకారు. భోజనం మెత్తగా, చెక్క గరిటెతో.

తమ్ముడి భార్య వచ్చి గోళ్ళు కత్తిరించింది. కత్తిరిస్తున్నంతసేపూ ఆమె కళ్ళ నీళ్ళు అక్క చేతుల మీద పడ్డాయి.

"ఆయన్ని తిట్టుకోకండి వదినా," అంది గొంతు తగ్గించి. "ఆయన అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

"వాడి ఆకలికి కూడా నేనే జవాబుదారునా?"

గుమ్మంలో దూది దగ్గాడు. మరదలు నోరు మూసుకుని గోళ్ళ ముక్కలు ఏరుకుంది.

ఒక ఉదయం దూది కునుకు తీస్తున్నాడనుకుని అక్క లేచి, గోడ వైపు తలతో దూసుకెళ్ళింది. నుదురు పగిలితే చాలనుకుంది. గోడకూ నుదుటికీ మధ్య మెత్తగా ఏదో తగిలింది. దూది అరచెయ్యి.

"అబ్బా," అన్నాడతను వేళ్ళు విదిలించుకుంటూ. "నా చెయ్యి విరగ్గొట్టేట్టున్నారు."

తర్వాత గోనె సంచితో ఆ బాకీ తీర్చుకున్నాడు. తొడల మీద, వీపు కింది భాగంలో, కావాల్సినంత సేపు. గోడ అవతల రంపం కీచుమంటూనే ఉంది. అక్క పళ్ళ బిగువున పడి ఉండి, ఆ మోత వింటూ తమ్ముణ్ణి తలుచుకుంది. వాడు పుట్టినప్పుడు మెడ నిలవకపోతే తల కింద అరచెయ్యి పెట్టి మోసింది ఆమె. అప్పుడే ఆ చెయ్యి తీసేసి ఉండాల్సింది అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడలేదు.

ఆ తారీఖు పొద్దున తమ్ముడు గదిలోకి వచ్చాడు. ఉతికిన చొక్కా, గుండీలు గొంతు దాకా. మొహం మీద మాసిన గడ్డం. కుర్చీలో పూర్తిగా కూర్చోడు, అంచున పిట్ట వాలినట్టు ఆనుకుంటాడు. కొన్నాళ్ళుగా అంతే. ఎక్కడా వెనక్కి వాలడం లేదు. చేసిన పాపం వీడిని కుదురుగా కూర్చోనివ్వట్లేదని అక్క లోలోపల సంతోషించింది.

"బయల్దేరదాం అక్కా," అన్నాడు.

"గడ్డం గీసుకోలేదేంరా? దొరగారి ముందుకు ఇలాగేనా వచ్చేది?"

"ఇవాళ ఎవరు గీసుకుంటారు," అన్నాడు తమ్ముడు.

అన్నాక ఇద్దరికీ ఒకేసారి లారీల యజమాని గుర్తొచ్చాడు. తమ్ముడి పెదవి ఒక పక్కకు కదిలి మళ్ళీ సర్దుకుంది. అక్క ఆ మాసిన బుగ్గ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు గాయపడింది అమ్మినవాడు కాదు. సంతకం పెట్టాల్సినవాళ్ళలో ఒకడు, అంతే. తన గోళ్ళు కత్తిరించారు, తన గదిలో అద్దం తీశారు, తన నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టారు. వీడి మొహానికి కాపలా ఎవరూ లేరు.

 వీడికి మాటలు కూడా రాని రోజుల్లో వాకిట్లో పడి పెదవి చిట్లితే, ఆ రక్తం చూసి వీడి కన్నా ఎక్కువ ఏడ్చింది తనే. అయినా లేచి చెప్పులు వేసుకుంది. మేస్త్రీ చెయ్యి గుర్తొచ్చింది, ఖాళీ రంపం గుర్తొచ్చింది. గుండె రాయి చేసుకోవడానికి ఆమెకు పెద్దగా కష్టం కలగలేదు.

జీపులో తమ్ముడు ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగి కూర్చున్నాడు. గుంటలో పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు. దూది అక్క మోచెయ్యి పట్టుకున్నాడు, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా. ఆఫీసు మెట్ల దగ్గర ఆమె కావాలని కాలు తడబడితే గాల్లోనే అందుకున్నాడు. "చివరి మెట్టు దాకా వచ్చి ఇదేంటమ్మా," అని బతిమాలాడు.

ఆఫీసు గదిలో పాత బల్ల, దాని వెనక కళ్ళజోడు పెట్టుకున్న రిజిస్ట్రారమ్మ, బల్ల మీద ఒప్పంద పత్రం, పక్కనే పిడికిలంత ఇత్తడి ముద్ర. చెక్క పిడి, దాని కింద బరువైన లోహం. వంతెన దొర అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆయనకూ గడ్డం మాసే ఉంది. చలవ బట్టలు, ఆ గడ్డం, చూడ్డానికి కాస్త నవ్వొచ్చేట్టున్నాడు. దూది అక్కను బల్ల దాకా తెచ్చి, మోచెయ్యి వదిలి, ఒక్క అడుగు వెనక్కి నిలబడ్డాడు. తనిఖీ జరుగుతున్నప్పుడు సంతకం పెట్టేవాళ్ళను ఇంకొకరు ముట్టుకోకూడదు. అదీ చట్టమే.

రిజిస్ట్రారమ్మ ముందు దొరను చూసింది, తర్వాత అక్కను. గడ్డం పట్టి మొహం ఇటూ అటూ తిప్పింది. చేతులు తిరగేసింది. ఆ చల్లటి వేళ్ళు మోచేతి దగ్గర ఆగిపోయాయి. ఇంకొంచెం పైకి వెళ్ళు తల్లీ, అనుకుంది అక్క. రిజిస్ట్రారమ్మ ఆమె కళ్ళలోకి చూసి, ఏదో అడగబోయి, చివరికి చెయ్యి వదిలేసింది.

"గాయాలు లేవు," అని రాసుకుంది. "నువ్వు రా బాబూ."

తమ్ముడు బల్ల దగ్గరికి వంగి మొహం ముందుకు చాచాడు. అక్కకు సరిగ్గా పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

అక్క ముద్రను అందుకుని వాడి మూతి మీద కొట్టింది.

దుంగలు దొర్లించిన చెయ్యి అది. పెదవి పండులా పగిలింది. వాడు అరవడానికి నోరు తెరిస్తే రక్తంతో పాటు పన్ను ఒకటి ఒప్పంద పత్రం మీద పడింది. ఒక్కటి చాలదేమో, గడ్డం గాటు అనుకుని తుడిచేస్తారేమో అని భయపడి ఆమె రెండోసారి కొట్టింది, ఈసారి చెంప ఎముక మీద. తమ్ముడు బల్ల కాలు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తల పైకెత్తి ఆమె వైపు చూశాడంతే. ఆ చూపులో కోపం లేకపోవడం చూసి మూడోసారి లేచిన అక్క చెయ్యి గాల్లోనే ఆగింది.

"తలుపులు," అంది రిజిస్ట్రారమ్మ.

బంట్రోతులు పరుగెత్తి తలుపులు మూసేశారు. దూది అప్పటికే బయటికి పరుగు తీసి, మూసిన తలుపు ముందు ఆగిపోయాడు. వంతెన దొర కుర్చీ తన్నేసి లేచి, అతని దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ చెంప ఛెళ్ళుమనిపించాడు.

"దాని మొహం కాయమంటే కాశావు. వీడి మొహం ఎవడు కాస్తాడురా? ఇద్దర్నీ నీకే కదరా అప్పజెప్పింది."

అక్క ఆ మాట విన్నది. ఇద్దర్నీ అన్న మాట మొదట చెవిలో పడింది, లోపలికి వెళ్ళడానికి కొంచెం సేపు పట్టింది. దూది తమ్ముడి మనిషి కదా. దొర ఎందుకు కొడుతున్నాడు? దూది ఎందుకు ఊరుకుంటున్నాడు?

డాక్టరు పక్క వీధిలోంచే వచ్చాడు. చేతిసంచీ కింద పెట్టి, తమ్ముడి నోట్లో దూదిపింజ కుక్కి, చట్టప్రకారం చెప్పాల్సిన మాట చెప్పాడు.

"చొక్కా విప్పు."

తమ్ముడు గుండీల మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. డాక్టరే విప్పాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది, తడిపి తీయాల్సి వచ్చింది.

ఆ వీపు మీద చర్మం రంగు చర్మం అనేది ఎక్కడా లేదు. నల్లగా, నేరేడు రంగులో, అంచుల్లో పచ్చగా, పాత దెబ్బల మీద కొత్తవి, కొత్తవాటి మీద ఇంకా కొత్తవి. కొన్నిచోట్ల చిట్లి చీము పట్టింది. అన్నీ ఒకే వెడల్పు, మనిషి చెయ్యంత లావు. అక్కకు ఆ వెడల్పు తెలుసు. తన ఒంటి మీద అద్దం లేకుండానే చేత్తో తడుముకుని తెలుసుకున్న కొలత అది. పైన మెడ దగ్గరికి వచ్చేసరికి దెబ్బలన్నీ గీత గీసినట్టు ఆగిపోయాయి. కాలరు అక్కడ మొదలవుతుంది.

ఆమె చేతిలోంచి ముద్ర జారి నేల మీద పడింది.

"ఎందుకు చెప్పలేదురా?"

తమ్ముడు దూదిపింజ పక్కకు ఉమ్మి మాట్లాడాడు. మాటలు గాలితో కలిసి వచ్చాయి. "చెబితే నిన్ను చంపేస్తామన్నారు. నువ్వు సంతకం పెట్టేస్తే ఇద్దర్నీ వదిలేస్తామన్నారు. నేను అవతల చెయ్యి కలిపాను కదా అక్కా. తప్పు నాదే కదా."

"మరి ఆ రంపం?"

"నీ కేకలు వినలేకపోయాను," అన్నాడు.

అక్కకు కోపం తగ్గలేదు. వినలేనివాడు ఆపి ఉండాల్సింది, మేస్త్రీలా గడ్డపార పట్టుకుని రావాల్సింది, అలా చెయ్యనందుకు వీడిని జీవితాంతం క్షమించనని అనుకుంది. అనుకుంటూనే నేల మీద కూర్చుని వాడి తల కింద అరచెయ్యి పెట్టింది. అది పెట్టాల్సిన చోటు ఆ చేతికి ఇంకా గుర్తుంది. ఆమె వేళ్ళ సందుల్లోంచి వాడి రక్తం కారుతోంది.

రిజిస్ట్రారమ్మ కొత్త కాగితం తీసుకుంది. ఒప్పంద పత్రాన్ని పన్నుతో సహా ఒక కవరులో పెట్టి మూసింది. విచారణ తేలేదాకా ఆ మిల్లును ముట్టుకునే హక్కు వంతెన దొరకు లేదని, ఆయన వైపు చూడకుండానే చెప్పింది. అవతల కలిపిన చెయ్యి సంగతి ఆయన గొంతు చించుకుని చెప్పబోతే, అది వంతెన అవతలి మాట అంది.

తర్వాత తమ్ముడి ఎదురుగా నేల మీదే గొంతుక్కూర్చుంది. గాయపడినవాడు ఏం చెబితే అది, ఎలా చెబితే అలా రాసుకోవాలని నియమం.

"ఈ వీపు మీద గాయాలు చేసిందెవరు?"

తమ్ముడు వేలెత్తి దూదిని చూపించాడు. తర్వాత ఆ వేలు వంతెన దొర వైపు తిరిగింది. బంట్రోతులు ఇద్దరి పక్కనా చేరారు. దూది మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రిజిస్ట్రారమ్మ రాసుకుంది. కలం ఎత్తి, నేల మీద పడి ఉన్న ముద్రను చూసింది, దాని అంచున అంటిన రక్తాన్ని చూసింది, అక్క చెయ్యి చూసింది. జరిగిందంతా తన కళ్ళ ముందే, తన బల్ల మీదే జరిగింది. అయినా నియమం నియమమే.

"మరి మూతి మీద గాయం?"

అక్క వాడి తల కింద చెయ్యి తియ్యలేదు. వాడు చెప్పాల్సింది చెప్పేస్తే తనకు జైలే. చెప్పినా తప్పులేదు, చెప్పనీ అనుకుంది.

తమ్ముడు కళ్ళు తిప్పి అక్క మొహంలోకి చూశాడు. తెగిన పెదవి ఒక పక్కకు లేచింది.

"గడ్డం గీసుకుంటుంటే తెగిందండి," అన్నాడు.

రిజిస్ట్రారమ్మ ఆ మాసిన గడ్డం వైపు చాలాసేపు చూసింది. తర్వాత అతను ఎలా చెప్పాడో అలాగే రాసుకుంది.